తోక ఉన్న సున్నా

పాలకొల్లు కాలవ గట్టున నా రేకుల షెడ్డు.
ల్యాండ్‌మాస్టర్ ఆచంట నుంచి
ట్రాక్టరు ట్రక్కు మీద పడుకుని వచ్చింది.
చక్రాలు గోనెసంచుల్లో, విడిగా.
రొయ్యల చెరువుల కలిదిండి సోమరాజు గారు
"కొత్తదాన్లా కావాలి మేస్త్రీ" అన్నారు.
కొత్తలో దీన్ని చూసినవాడు
ఇక్కడ ఒక్కడూ మిగల్లేదు.

రంగు గోకాను.
పైన తెలుపు, ఏదో ఎన్నికలప్పటిది.
దాని కింద మీగడ రంగు.
దాని కింద, ఎవరింటి తలుపులకో వెయ్యగా మిగిలిన ఆకుపచ్చ,
బ్రష్షు వెంట్రుకలు ఇంకా అంటుకునే ఉన్నాయి.
గుమ్మం కింది పెట్టెలో స్క్రూడ్రైవరు దూరిస్తే
దోసెడు ఒండ్రు రాలింది.
నలిపి చూస్తే వేలికి కాకిబంగారం మెరుపు.
ఎనభయ్యారు ఆగస్టు అన్నమాట.
గోదారి ఈ బండెక్కి కాసేపు కూర్చుని దిగిపోయింది.
దానికి అర్థం ఉంది.
తుప్పుకీ ఉంది.
ఉప్పుగాలికి ఇనుమంటే ఇష్టం, అంతే.

అర్థం లేనిది డ్యాష్‌బోర్డు వెనక దొరికింది.

ఎర్ర ప్రైమరు మీద పసుపు మైనపు సుద్ద.
ఒక సున్నా, దానికి తోక.
పక్కన రెండు నిలువు గీతలు,
మూడోది మొదలెట్టి మానేసినట్టు.
ఒక ఎనిమిది.
ఎడమ తలుపు స్తంభం మీద ఉలితో కొట్టిన చుక్కలు:
మూడు, కాస్త ఖాళీ, ఒకటి.
వెనక సీటు కింద ఒక బాణం.
అది చూపించే చోట ఏమీ లేదు.
బోల్టు కన్నం కూడా లేదు.

భీమవరంలో పాత సామాన్ల మీరాసాబుని పిలిపించాను.
ఇలాంటివి ముప్పై విప్పినవాడు.
చేతిలో బీడీ ఆరిపోయేదాకా చూసి
"ఇనస్పెక్షను" అన్నాడు,
తెలియనప్పుడు అనే గొంతుతో.
మా కుర్రాడు సింహాద్రి మాత్రం
"ఎనిమిదో నంబరు బండండి" అని తేల్చేశాడు.
సరే, ఎనిమిదో నంబరు బండి.

నర్సాపురం రోడ్డులో బంగారప్పని చేసే తపన్
టీ గ్లాసుతో వంగి చూసి నవ్వాడు.
"ఎనిమిది కాదు దాదా. నాలుగు.
మా నాలుగు ఇలాగే ఉంటది."
ఆరు నెలలుగా ఎనిమిదిని మోస్తున్నాను.
ఒక్క మాటతో సగమైపోయింది.
నాలుగంటే నాలుగేంటి తపన్?
"నాలుగు. అంతే."
మరి ఈ తోక?
భుజాలెగరేశాడు.
ఆ ఫ్యాక్టరీ గంగ ఒడ్డున అంట.
అక్కడా ఉడకపోత ఇలాగే ఉంటుందంట,
చెమట పట్టిన చేతిలో సుద్ద జారుతుందంట.

పోయిన నెల ఒక జీపు వచ్చింది.
బానెట్ లోపలివైపు మేకుతో గీసిన అక్షరం,
బండి ఱ. కింద పదకొండు.
చేతిరాత నాదే.
ఏ ఏడు గీశానో, ఎవరి కోసమో,
నా జన్మలో ఇంకెక్కడైనా ఱ రాశానో లేదో.
"ఏంటండిది మేస్త్రీ?" అన్నాడు సింహాద్రి.
"కొలత" అన్నాను.
మీరాసాబు గొంతు నా నోట్లోంచి వచ్చింది.

సున్నా ఉన్న రేకుని తుప్పు తినేసింది.
తోక దగ్గరికి కొయ్యక తప్పదు.
"రంగేసెయ్, ఎవడు చూస్తాడు" అన్నారు రాజుగారు, ఫోన్లో,
వెనక ఏరేటర్ల చప్పుడు.
కోశాను.
సున్నా ఇప్పుడు నా షెడ్డులో మేకుకి వేలాడుతోంది,
తోక బండిలోనే ఉంది.

కొత్త రేకు అతికి, అతుకు చల్లారేలోగా
టీకి వెళ్ళొచ్చేసరికి
సింహాద్రి గోడ సుద్దతో ఆ తోకకి
సున్నా చుట్టి ఉన్నాడు.
గుండ్రంగా రాలేదు. కోడిగుడ్డులా వచ్చింది.
"చెరిపెయ్యనాండీ?"
లంకల వైపు మబ్బు నల్లగా దిగుతోంది.
"వానొచ్చేలా ఉంది" అన్నాను,
"ముందా ప్రైమరు డబ్బా ఎక్కడుందో చూడు."