గుండ్రంగా ఊడ్చిన చోటు

నేలమాళిగలో, వాషింగ్ మెషీన్ పక్కన,
నూట ఎనభై గ్యాలన్ల నీళ్లలో
మా లెలాండ్ బాస్ చేపను పెంచుతున్నాడు.

ఎరల బకెట్లో పొరపాటున వచ్చింది,
వేలెడంత.
గాలానికి గుచ్చబోతూ
పక్కనున్న నల్లచార చూసి ఆగాడట.
ఇప్పుడు మూరెడు.
తిరగబోతే తోక అద్దానికి రాసుకుంటుంది.

ఫ్రిజ్‌లో వెన్న డబ్బా పక్కన వానపాముల డబ్బా.
రెండు మూతలూ పసుపే.
ఒక ఆదివారం పొద్దున... సరే, ఆ సంగతొద్దు.

సరస్సులో వదిలెయ్యి, అన్నాను.
ఇంటినీళ్లు మరిగిన చేప
ఏ జబ్బు మోసుకెళ్తుందో, వదలకూడదు, అన్నాడు.
అంటే ఇక ఇక్కడే.

మార్చి.
ఓష్‌కోష్ వీధుల్లో మంచు ఇంకా నల్లగా గడ్డకట్టే ఉంది.
చెప్పుల పెట్టెంత కిటికీలో
వెలుగు రోజుకో రెండు నిమిషాలు ఎక్కువ ఉంటోంది, అంతే.
దానికది చాలింది.
తోకతో గులకరాళ్లు ఊడ్చి ఊడ్చి
అడుగు అద్దం తేలేదాకా
పళ్లెమంత గుండ్రం చేసింది.
మగది. దానిమీదే నిలబడి కాపలా,
రాని ఆడచేపకి,
పెట్టని గుడ్లకి.
వానపాము వేస్తే కన్నెత్తలేదు.
నేను వేలు ఆనిస్తే మాత్రం
మొప్పలు విప్పి మీదకొచ్చింది.

మెషీన్ తిరిగితే నేల అదురుతుంది,
రాళ్లు జారి గుంట పూడిపోతుంది.
లెలాండ్ ఏమీ అడగలేదు.
పీకిన ప్లగ్గు చేతిలో పట్టుకుని
నా మొహంలోకి చూశాడు.

మూడు వారాలుగా
దుప్పట్లూ అతని గ్రీజు చొక్కాలూ మూటగట్టి
పెట్రోలు బంకు వెనక లాండ్రీకి పోతున్నాను,
జేబునిండా చిల్లరతో.
డ్రయ్యర్ గుండ్రటి తలుపు ముందు కూర్చుంటాను.
ఖాళీయేనా అని ఎవరైనా దగ్గరికొస్తే
భుజాలు విప్పి
అడ్డం జరుగుతాను.