కోటు చీటీలు

వెస్ట్‌మినిస్టర్‌లో మా హోటల్ గోడకి ఒక గంట ఉంది.
పార్లమెంటులో ఓటింగ్ అంటే మోగుతుంది,
ఎనిమిది నిమిషాల గడువు.
సూపు సగంలో వదిలేసి పరిగెత్తేవాళ్ళని
పద్నాలుగేళ్ళుగా చూస్తున్నాను, కోట్ల గది కిటికీలోంచి.

నాకు మొహాలు గుర్తుండవు. బట్టే గుర్తు.
ఈ మోచెయ్యి అరిగింది, ఈ జేబునిండా పుదీనా బిళ్ళలు,
ఇది కొత్తది, దుకాణం దారం ఇంకా తెంపలేదు.

మొన్న గురువారం వాన.
ముప్ఫై ఒకటి, ముప్ఫై రెండు. రెండూ నీలం ఉన్నివే.
ఒకటి సభ్యుడిది.
రెండోది, చేపలోంచి ముల్లు లాగినట్టు
బిల్లులోంచి క్లాజు ఎలా లాగాలో
ఆయనకి మెల్లగా చెబుతున్న పెద్దమనిషిది.
గంట మోగింది.
తొందరలో తప్పు కోటు అందించాను.
తొడుక్కున్నాడు. కొలిచి కుట్టినట్టు భుజాలకి అతికిపోయింది.
అలాగే వెళ్ళి ఓటేసి వచ్చాడు.

ఈలోగా నేను వణుకుతూ తప్పు ఒప్పుకుంటే
బల్ల దగ్గర మిగిలినాయన నవ్వాడు:
"ఏం ఫరవాలేదు గ్లెనిస్, అది నా దగ్గరికే తిరిగొస్తుంది."

భోజనం ఖర్చు మూడు రసీదులుగా చింపించుకున్నారు,
ఏ ముక్కా రాసి చూపాల్సిన హద్దు దాటకుండా.
రిజిస్టరులో ఆ మధ్యాహ్నం
కడిగి బోర్లించిన పళ్ళెం.

రాత్రి చీటీలన్నీ చెత్తలో వెయ్యాలి, మా రూలు.
వేశాను. ఆ రెండూ తప్ప.
ఎవరో వచ్చి అడుగుతారని కాదు,
అడిగితే మాత్రం కోట్ల సంగతి తప్ప నాకేం తెలుసని.
బస్సు కార్డు కోసం సంచీలో చెయ్యి పెట్టినప్పుడల్లా
ముందు అవే తగులుతున్నాయి.