పదకొండు సెకన్లు

జుల్మీరా ఎప్పుడూ ఆడలేదు.
బ్రెజిల్లో, మనౌస్ కార్ఖానాలో, తొంభై ఒకటో సంవత్సరం, రాత్రి షిఫ్టు.
బెల్టు మీద నల్లటి వీడియోగేమ్ పెట్టె వస్తుంది.
తీగ గుచ్చాలి, మీట నొక్కాలి,
టీవీలో నీలం విచ్చుకుని
పాట రెండు మెట్లు ఎక్కేదాకా చూడాలి.
పదకొండు సెకన్లు.
బాగుంటే పచ్చ చీటీ, లేకపోతే ఎర్రది.
తీగ పీకేయాలి. ఇంకోటి వస్తుంది.

లక్ష మొదళ్లు చూసిన మనిషి
ఒక్క ఆటకీ చివర చూడలేదు.

అప్పటికే టోక్యోలో దాని పని అయిపోయింది.
న్యూయార్క్ కొట్లలో దాన్ని కింది అరలోకి దించి
పోటీవాడి పెట్టెని కళ్లెదురుగా నిలబెట్టారు.
పత్రికలవాళ్లు రెండు నిలువు పట్టీలు గీశారు,
ఒకటి తాడిచెట్టంత, ఒకటి వెంపలిచెట్టంత.
కింద రాశారు: ఓడిపోయింది.

ఆ పత్రిక మనౌస్ దాకా రాలేదు.
వచ్చినా జుల్మీరాకి ఇంగ్లీషు రాదు.
వచ్చినా బెల్టు ఆగదు.

మన లిపిలో అయితే ఎంత తేడా!
డ నెత్తిన గుడి చెరిపేసి చూడండి,
ఓడిపోయింది కాస్తా
ఓడ పోయింది.

పోయింది, నిజంగానే.
అదెమార్‌ది రెండంతస్తుల ఓడ.
జనం ఉయ్యాలలు కట్టుకుని పడుకునే చోట
ఉల్లిపాయల బస్తాలు, ఎవరిదో పెళ్లి పరుపు,
టార్పాలిన్ కింద నాలుగు నల్లపెట్టెలు.
నల్లనీళ్ల నదిలోంచి మట్టినీళ్ల నదిలోకి మళ్లి
ఎగువకి తొమ్మిది రోజులు.

పురుస్ ఒడ్డున ఒక ఊరు. పేరు చెప్పాడు గానీ నేను రాసుకోలేదు.
అక్కడ కరెంటు ఆరింటికి వస్తుంది,
తొమ్మిదింటికి డీజిలు అయిపోతుంది.
చేపలు ఎండబెట్టే ఒసోరియో
ఎనిమిది బస్తాల కర్రపెండలం పిండి ఇచ్చి ఒక పెట్టె కొన్నాడు.
మూడు గంటలు, ఇరవై ఇద్దరు పిల్లలు.
చస్తే పక్కవాడికి ఇచ్చేయాలి.
ఆ ఊళ్లో అంతకన్నా పెద్ద చట్టం లేదు.
తెర మీద పోర్చుగీసు మాటలు కనబడితే
చదవడం వచ్చిన మార్లూసీ గట్టిగా చదివేది,
రానివాళ్లు ఆమె నోటినుంచే అక్షరాలు ఏరుకున్నారు.
జనరేటర్ ఆగిపోయాక
చీకట్లో కాసేపు
బొటనవేళ్లు కదులుతూనే ఉండేవి.

కంపెనీ లెక్కలో అది ఒకటి.
ఇరవై రెండు కాదు, పదేళ్లు కాదు.
ఒకటి.

నేను దాని తరఫు వకీలుని కాను.
ఓడినదాన్ని వెనకేసుకొస్తే మనమే గెలిచినట్టుండే జబ్బు
నాకూ ఉంది, తెలుసు.
దాన్ని టోక్యోలో కాగితం మీద గీసినవాళ్లు
ఆఖరి రైలు పట్టుకుని ఎవరితోనూ మాట్లాడకుండా ఇళ్లకి పోయుంటారు.
ఆ కార్ఖానాలోనూ ఒక శుక్రవారం
పచ్చ చీటీలు అంటించే ముప్పైమందికి
తెల్ల చీటీలు ఇచ్చారు.
అందులో జుల్మీరా ఒకతె.
గెలుపు ఎవరి జేబులో పడిందని అడిగితే
కుడి మణికట్టు మీద కాలిన మచ్చ చూపించి
టీ తాగుతావా అంటుంది.

ఇప్పుడామెది రేవు పక్కన రిపేరు కొట్టు.
మొన్న ఒక బట్టతలాయన
గోనెసంచిలోంచి నల్లపెట్టె తీశాడు.
ఒసోరియో కొడుకట.
లోపల చీమలు కాపురం పెట్టాయి.
బ్రష్షుతో దులిపింది, రెండు అతుకులు వేసింది, తీగ గుచ్చింది.
నీలం విచ్చుకుంది.
పాట రెండు మెట్లు ఎక్కింది.
చెయ్యి దానంతటదే తీగ మీదికి పోయింది.

"ఆగమ్మా," అన్నాడతను, "ఇప్పుడే కదా మొదలు."

అరవై ఏడేళ్ల మనిషి,
కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని
మీటలపలకని ముందు తలకిందులుగా పట్టుకుంది.
తిప్పి పట్టుకుంది.
నాలుగడుగులు వేసి
మొదటి గోతిలోనే పడి చచ్చింది.

చట్టం ప్రకారం పక్కవాడికి ఇచ్చేయాలి.
అతను చెయ్యి చాచాడు కూడా.

ఇవ్వలేదు.