ఆదివారం రిజిస్టరు

ఉదయగిరి బస్టాండు వెనక నా జెరాక్స్ కొట్టు.
‘ఇక్కడ గాజు పారేయరాదు’ అన్న కాగితాలు
నూటపది తీశాను, డబ్బులు తీసుకోకుండా.
లామినేషన్ చేసి ఉండాల్సింది.
సగం వానకు ఊడాయి, సగం మేకలు తిన్నాయి.

దుర్గం కింద రెండొందల ఎకరాల తుప్పలకు
కంచె వేసి, వనం అని బోర్డు పెట్టి
జీపెక్కి వెళ్లిపోయారు ఆఫీసర్లు.
కాపలాకు ఒక మనిషి. ఆయనకు పనిచేసేది ఒక మోకాలు.
మిగతా కాళ్లు మావి.
రిటైరైనా విజిలు మెడలోంచి తీయని కండక్టరు పెంచలయ్య,
ఇంటరు రెండుసార్లు తప్పిన చరణ్ తేజ,
ఇంకా కొందరు వస్తారు, ఎండను చూసి రారు.

ఆరింటికి సంతకం. పక్కన ‘ఏం చేశారు’ అని ఒక గడి.
సీసాపెంకులు, మూడు గోతాలు.
ఉచ్చులు ఏడు; ఒకదాంట్లో కౌజు, బతికే ఉంది.
మార్చి రెండో ఆదివారం, నా చేతిరాతే:
ఏమీ చేయలేదు. కూచున్నాం.

గౌసియా బీ చెక్క గరిటెలు చేస్తుంది.
వాళ్ల అత్త చేసేది, అత్తకు అత్త చేసేది.
ఒక పొద్దున పడిపోయిన కొమ్మ భుజానేసుకొని వస్తుంటే
చరణ్ అడ్డం నిలబడ్డాడు. రూల్సు చదివాడు.
ఆ రూల్సు జెరాక్స్ తీసింది నేనే,
నేను నోరు మెదపలేదు.
“సరే అబ్బయ్యా, దించుతా. ఇదేం చెట్టో చెప్పు.”
వాడు ఫోను తీశాడు. సిగ్నల్ లేదు.
“చెట్టే,” అన్నాడు.
ఆమె కొమ్మను కిందపెట్టింది,
నిద్రపోయే బిడ్డను పెట్టినట్టు.

మరుసటి వారం ఆమే వచ్చి
రిజిస్టరులో కుడి నుంచి ఎడమకు సంతకం పెట్టింది.
ఆకు నలిపి మా ముక్కుల కింద పెట్టింది:
ఇది బిక్కి, ఇది నర్ది, ఇది కలివి.
“మోకాలెత్తున కొడితే మళ్లా చిగురేస్తాది,
నేలకంటా కొడితే చస్తాది.
యాభై ఏళ్లుగా నా గరిటెలు అమ్ముడుపోతుండాయంటే
యాభై ఏళ్లుగా ఈ కొండ బతికుండాదనే గదా!”

ఏప్రిల్లో ఒక రాత్రి అగ్గి.
ఎవరి బీడీయో, ఎవరు తేనెకు పోయారో, తెలియదు.
పచ్చి బందారు కొమ్మలతో బాదాం.
పొగలో మనుషులు కనపడరు, పెంచలయ్య విజిలే దారి:
ఒకటంటే ఆగు, రెండంటే పోనీయ్.
అది ఎన్నిసార్లు ఒకటి కొట్టిందో
నేను ఎన్నిసార్లు ఆగానో.

తెల్లారి చూస్తే
తూర్పున మేము ఆకులు దంతెతో లాగి తీసిన గీత దగ్గర
మంట వచ్చి, చెప్పులు విడిచి, వెనక్కి పోయింది.
పడమటన దాటింది.
పడమటి గీత మార్చి రెండో ఆదివారం తీయాల్సింది.
పదకొండు ఎకరాలు.
బూడిదలో తాబేటి డొప్పలు మూడు,
వాటి మీద చుక్కలు ఇంకా లెక్కపెట్టొచ్చు.

ఎవరూ ఎవర్నీ ఏమనలేదు.
రిజిస్టరు నా సంచిలో ఇటికరాయిలా ఉంది.

గౌసియా బీ ఒక మసి కొమ్మను కాలితో దొర్లించి చూసి
“అడుగుతుండా అబ్బయ్యా, తీసుకోవచ్చా?” అంది.
చరణ్ చాలాసేపు పెన్ను నోట్లో పెట్టుకొని
తర్వాత రాశాడు:
కాలిన బిక్కి కొమ్మ, ఒకటి. గౌసియా బీకి.
చెట్టు పేరు రాశాడు, తప్పులేకుండా.

ఆ గరిటె ఇప్పుడు నా కొట్టులో ఉంది.
నడుమ ఒక నల్లచార, ఎంత తోమినా పోదు.
మచ్చా అని అడుగుతారు జెరాక్సుకు వచ్చినవాళ్లు.
దాంతోనే టీలో చక్కెర కలుపుతాను.

ఈసారి లామినేషన్ చేశాను. గోడ మీద చూడండి.
ఆదివారం ఆరింటికి. పడమటి గీత.
దంతె ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.