రెండు పలకలు

"ఎందుకట్ల తన్నుతవ్ నీళ్లను?
నీకేమన్న బాకీ పడ్డయా?" అన్నడు ఖాజా సార్
జూరాల ఒడ్డున, చేతిల గడియారం పట్టుకొని.

నాలుగొందల మీటర్లకే తొడలు రాళ్లయినయి.

ఆ రాత్రి గద్వాలల
నాయిన గుంతమగ్గం పక్కన కూసొని
మొదటిసారి చీర గాదు, కాళ్లు చూసిన.
నాడె కుడికి ఉరికితే ఎడమ పలక,
ఎడమకు మళ్లితే కుడి పలక.
ఒక విసురుకు ఒకటే తొక్కుడు.
పొద్దుగాల గుంతల దిగిన కాళ్లు
దీపాలు పెట్టినంక గూడ తొందరపడలే.

తెల్లారి నీళ్లల్ల
కుడిచెయ్యి ముంగటికి దిగంగనే ఎడమకాలు.
అంతే.
నడుము తనంతల తానే ఒత్తిగిలింది,
చెంప నీటిమీద ఆనిచ్చి
సగం నోటితోని గాలి తాగిన.
ఎనక నురగ లేదు.
సార్ గడియారం చూసిండు, ఏం అనలే.

పదిహేనొందల ఈతల
ఆఖరి యాభై మిగిలినప్పుడు మాత్రం
చెయ్యికి మూడు తన్నులు.
అది ఎవ్వరు నేర్పలే.
పొద్దున్నే సేటొస్తడనంగ
కొంగు ఇంక మూరెడుంటే
మా ఇంట్ల, సగం నిద్రల,
చిన్నప్పటిసంది విన్న చప్పుడే.