నేను జరిపిన ఏరు

డెబ్బై నాలుగో ఏట
ఒకప్పుడు నేను నాలుగు కిలోమీటర్లు పడమరకు జరిపిన ఏటిని
చూడ్డానికి బయల్దేరాను.

జరిపింది చేత్తో కాదు, కలంతో.
త్బిలిసిలో మ్యాపుల ఫ్యాక్టరీ, మూడో అంతస్తు,
కిటికీ పక్క బల్ల.
పైనుంచి కాగితం వచ్చేది:
శత్రువుకి దారి తెలియకూడదు, కాబట్టి
మనవాళ్ళకీ తెలియకూడదు.
ఈ వంతెన అటు. ఆ కొండ ఇటు.
ఏరు, కామ్రేడ్, ఇంకాస్త పడమరకు.
నీలం సిరా ఆరేదాకా ఊదేదాన్ని.
ఇరవై తొమ్మిదేళ్ళు.
ఒక్క ఏటిలోనూ కాలు పెట్టలేదు.

ఏటి పేరు చెప్పను.
చెప్పనని సంతకం పెట్టాను. ఆ దేశమైతే పోయింది గానీ
సంతకం పోయిందో లేదో ఎవర్నడగాలి?

"ఈ మోకాళ్ళతోనా, త్సియాలా?" అంది మా చెల్లెలు గులికో.
"ఇంకే మోకాళ్ళున్నాయే నాకు" అన్నాను.
సంచిలో భూతద్దం, ఉన్నిమేజోళ్ళు, బీపీ మాత్రలు,
ఎనిమిది మడతలుగా ఆ పాత షీటు.

బద్రీ మినీబస్సులో నాకు దొరికిన చోటు
అక్రోటు కాయల బస్తాకీ
ఎవరో కట్టుకుంటున్న ఇంటి కొత్త తలుపుకీ నడుమ.
మలుపు మలుపుకీ తలుపు నా మీదికి ఒరిగి
తీస్తావా తియ్యవా అన్నట్టు భుజం తట్టేది.
బయటికి చూస్తూ షీటు తిరగేస్తున్నాను:
ఇక్కడ అడవి ఉండకూడదే!
ఈ మలుపు నాది కాదే!
సొంత అబద్ధంలో దారి తప్పడంలో
ఇంత హాయి ఉందని ఎవరూ చెప్పలేదు.
నా నవ్వు విని బద్రీ అద్దంలోకి చూశాడు,
ముసలామెకి కళ్ళు తిరుగుతున్నాయేమోనని.

నేను ఏరు గీసిన చోట దిగాను.
తేనెపెట్టెలు. ఎండ. మోకాలెత్తు గడ్డి.
మొహానికి వలముసుగు కట్టుకున్న ఒకావిడ,
లమారా, నా ఈడుదే.
"ఏరెక్కడమ్మా?"
"ఎక్కడుండాలో అక్కడే."
తర్వాత చెప్పింది: వెనకటి రోజుల్లో ప్రతి ఎండాకాలం
వీపున మూటలతో కుర్రాళ్ళు వచ్చేవారట,
చేతిలో మ్యాపు, పిడచకట్టిన నాలుక,
ఇక్కడే ఏరుండాలంటూ నేలంతా వెతికేవారట.
"వాళ్ళకి నీళ్ళు మొయ్యడంతోనే మా అమ్మకి సరిపోయేది.
ఏ గుడ్డిదెయ్యం గీసిందో అని తిట్టిపోసేది."

"నేనే" అన్నాను.

ముసుగు పైకెత్తి చూసింది. చాలాసేపు చూసింది.
లోపలికెళ్ళి చెంబుడు నీళ్ళు తెచ్చి
"ముందు తాగు, తర్వాత తిడతాను" అంది.

మనవడు ఇలికోని తోడిచ్చింది. పదకొండేళ్ళ వాగుడుకాయ.
నాలుగు కిలోమీటర్లు. షీటు మీద
బొటనవేలి గోరంత.
కొండదారిలో రెండున్నర గంటలు,
మూడు బండల మీద కూర్చోడాలు,
ఒక కుక్కతో రాజీ.

ఏరు కనబడక ముందే వినబడింది.
ఆ చప్పుడుకి మా ఫ్యాక్టరీలో
రంగు లేదు.

బూట్లు విప్పాను. నీళ్ళు ఎముకదాకా కొరికాయి.
ఇలికో చెయ్యి పట్టుకుని,
"మామ్మా, వరద రాకముందు ఏరు ఇక్కడ కాదు,
ఆ చెట్ల అవతల పారేది" అన్నాడు.
అంటే ఇనప్పెట్టెలో దాచిన అసలు మ్యాపు కూడా
ఇప్పుడు తప్పే.
ఒకసారి నేను జరిపాను. ఒకసారి అదే జరిగింది,
ఏ కాగితమూ రాకుండానే.

రాత్రి రొట్టె విరుస్తూ లమారా తిట్లు మొదలెట్టింది.
తల్లి వంతు, తన వంతు, మధ్యమధ్య తేనె.
నిద్రొచ్చేదాకా సాగాయి, నాకో ఆమెకో.

షీటు వెనక పెన్సిల్‌తో రాసుకున్నాను:
సగానికి కుదించిన సరస్సు.
తిప్పేసిన కొండదారి.
ఇంకా పైన, ఉత్తరాన, ముప్ఫై గడపల ఊరొకటి.
దాన్ని జరపలేదు. బ్లేడుతో గీకేశాను.

గురువారం బండి ఉందట.
మీ ఊరిని తుడిపేసింది నేనేనని
మనుషులకి ఎలా చెప్పాలో ఇంకా తోచలేదు.
లమారా దగ్గర రెండు సీసాల తేనె కొన్నాను.
ఉత్త చేతులతో వెళ్ళకూడదు కదా.