సీటు మీద టవలు

పదహారేళ్లుగా నేను తిట్టే తిట్టు ఒకటే:
"టవలేస్తే సీటు మీదయిపోతాదా అబ్బా?"
ఎమ్మిగనూరు బస్టాండులో బండి ఆగకముందే
కిటికీల్లోంచి వచ్చి పడతాయి
ఎర్ర టవళ్లు, చేతిసంచులు,
ఒక్కోసారి చెప్పు కూడా, ఒంటి చెప్పు.

కర్నూలు పెద్దాసుపత్రిలో
పర్వీన్ డాక్టరమ్మ మందుచీటి వెనక గీసిన బొమ్మ
నాకు ఎక్కలేదు.
అతుక్కున్న ఉంగరాలు నాలుగు, ఒక గుంట, ఒక బాణం.
"కణంలో సీట్లుంటాయి సుంకులమ్మా.
ఈస్ట్రోజెన్ వచ్చి అందులో కూచుంటే
కణం పెరగతాది.
ఈ మాత్ర ముందే పోయి కూచుంటాది."
"టవలా?" అన్నాను.
ఆమె పెన్నుకు మూత పెట్టి
చానాసేపు నవ్వింది.

ఈస్ట్రోజెన్ నాకు పగదేం కాదు.
గోనెగండ్లలో పన్నెండేళ్లప్పుడు
మా జేజి చాప మీద కూచోబెట్టి
చిమ్మిలి ముద్ద నోట్లో పెట్టిన పొద్దుకే
అది ఎక్కేసింది, నేను టికెట్టడగలేదు.
నడుముకు వంపు,
నా కొడుకు రంగమునికి పాలదారులు,
ఎముకలో సున్నం,
అన్ని స్టేజీల్లో దిగి పని చేసి
మళ్లీ ఎక్కింది.
ఒక్క సీటు దగ్గర మాత్రం
బెల్లుతాడు లాగడం ఆపలేదు.
రైట్ రైట్ రైట్...
ఎడమ రొమ్ములో శనగ్గింజంత,
తర్వాత గచ్చకాయంత.

ఇప్పుడు రాత్రి తొమ్మిదికి తెల్లమాత్ర.
పోయి కూచుంటాది. తాడు ముట్టదు.
సున్నా టికెట్టు కొట్టించుకొని
ఏ ఊరికీ పోని మనిషి.
ఈస్ట్రోజెన్ నిలబడి నిలబడి
నెత్తుట్లోకే దిగిపోతాది.

అట్లని దీన్ని పూర్తిగా నమ్మేదానికీ లేదు.
ఎముకల్లోకి పోతే అదే టవలు మనిషై లేచి
బెల్లు లాగతాదంట, మంచికే.
గర్భసంచిలోనూ లాగతాదంట,
అది మంచికి కాదు.
వేళగాని వేళ ఎరుపు కనపడితే
పరిగెత్తుకొని రమ్మంది.
ఒక ఊర్లో దొంగ, ఇంకో ఊర్లో తలారి,
ఎందుకట్లా అంటే
"సీటు ఒకటే,
పక్కన కూచునేవాళ్లు వేరు" అంది డాక్టరమ్మ.
ఆ సంగతి ఆమె నాకు చెప్పాల్నా!

డిసెంబరు, మొదటి ట్రిప్పు, కోడుమూరు దాటినాం.
బండంతా మఫ్లర్లు.
నాకు మాత్రం లోపల మే నెల లేచింది.
మెడ, చెవులు, వీపు,
ఆదోని పత్తి కూరి నేనే కుట్టుకున్న
ఆ ఎడమవైపు కూడా మండుతున్నట్టే.
చెమట చుక్క పడి
టికెట్టు మీద అంకె అలుక్కుపోయింది.
డ్రైవరు మద్దిలేటి అద్దంలో చూసి
ఏమీ అడక్కుండా తనవైపు కిటికీ తీసినాడు.
వెనక ఎవరో తిట్టినారు.

మొన్న ఒక టవలు మీద గొడవ.
చివర చిరిగింది, దాని ఓనరు కింద టీ తాగుతున్నాడు.
నిలబడ్డాయన నన్ను సాక్ష్యానికి పిలిచినాడు:
"ఏం కండక్టరమ్మా, గుడ్డకు టికెట్టుందా?"
పదహారేళ్ల తిట్టు నోటిదాకా వచ్చి
నాలిక మీద మాత్రలాగ కరిగింది.
"ఉండనీలేప్పా" అన్నాను,
"ఇంకా మూడేళ్ల రెండు నెలలే గదా."

ఆయన టైము చూసుకున్నాడు.